పెద్దమ్మ మోకాళ్ళు, రెండు మందులు

నా తెలుగు డర్బన్‌లో గుడి తరగతుల్లో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపిన మోకాళ్ళ మాత్రల సీసా మీ ఇంట్లో కూడా ఉండవచ్చు. మా పెద్దమ్మ ఆరేళ్ళుగా పెన్షన్ డబ్బుతో కొంటోంది. "ఈ రెండిట్లో ఏది పనిచేస్తుందో చూసి చెప్పు, అదొక్కటే కొనుక్కుంటాను" అంది. నేను సైన్సు టీచర్ని కదా!

2006లో అమెరికాలో వెలువడిన పరీక్ష ఫలితాలు చదివాను. 1,583 మంది, 24 వారాలు. నొప్పి కనీసం ఐదో వంతు తగ్గినవారు గ్లూకోసమైన్‌తో నూటికి 64 మంది, కాండ్రాయిటిన్‌తో 65 మంది. వెంటనే సంతోషించకండి. మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ 60 మందికి తగ్గింది! ఆ కాస్త తేడా లెక్కకు నిలవలేదు. నొప్పి ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవారికి రెండూ కలిపి ఇస్తే మేలు కనిపించింది గానీ, వాళ్ళు కొద్దిమందే. నేనైతే దాన్ని నమ్మి డబ్బు పెట్టను.

పెద్దమ్మ ఈ అంకెలు పట్టించుకోలేదు. "నాకు తగ్గిందే!" అంది.

అప్పుడు సీసా వెనక చిన్న అక్షరాలు చదివి వినిపించాను. గ్లూకోసమైన్ రొయ్యల, పీతల పెంకుల నుంచి. కాండ్రాయిటిన్ ఆవు మెత్తటి ఎముక నుంచి.

పెద్దమ్మ ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆ రోజు నీసు వండిన గిన్నె కూడా ముట్టుకోదు. మాత్ర మాత్రం ఉదయమే వేసుకునేది.

సీసా మూత బిగించి, చాలాసేపటికి అడిగింది: "అయితే ఆరేళ్ళ ఒక్కపొద్దులూ పోయినట్టేనా, అమ్మాయీ?"

నేను ఇంకా జవాబు చెప్పలేదు.