ముప్పై రెండు పేజీలు చాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు పేర్లు చెబితే బయటివాళ్ల కళ్ల ముందు మెదిలేవి సుమోలూ వేటకొడవళ్లూ. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ ఆడిన ఆట అలాంటిది. ఈ ఊళ్లలో పదహారేళ్ల పిల్లలుంటారనీ, సైకిళ్ల మీద ట్యూషన్‌కు పోతారనీ, వాళ్లలో ఒకరికి ఒకరు నచ్చుతారనీ ఆ సినిమాలకు పట్టలేదు. మా కడప జిల్లా కథకులు కరువునూ సేద్యాన్నీ గొప్పగా రాశారు. కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. బడిపిల్లల మనసు మాత్రం ఇంకా రాయాల్సినంత మిగిలే ఉంది.

దానికి సరిపోయే పద్ధతి నాకు జపాన్‌లో కనిపించింది. అమ్మాయిల కోసం అచ్చయ్యే బొమ్మల కథల్ని అక్కడ షోజో మాంగా అంటారు. 1970ల నుంచి మోటో హగియో, కెయికో తకెమియా లాంటి స్త్రీలే దానికి కొత్త రూపమిచ్చారు. కరుహో షీనా గీసిన ‘కిమి ని తొదొకె’నే తీసుకోండి. 2005లో ఒక చిన్న కథగా వచ్చి, పాఠకుల ఆదరణతో సీరియల్‌గా పెరిగి, 2017లో ముప్పై సంపుటాలతో ముగిసింది. నల్లటి పొడుగు జుట్టు, నవ్వడం చేతగాని ముఖం ఉన్న అమ్మాయిని దెయ్యం సినిమాలోని సదకో పేరుతో పిలుస్తూ క్లాసంతా దూరంగా ఉంటుంది. అందరికీ ఇష్టమైన అబ్బాయి ఒక్కడే ఆమెను అసలు పేరుతో పలకరిస్తాడు. ఆ ఒక్క పలకరింపు చుట్టూ కథ నడుస్తుంది.

ఆ కథల్లో నాకు నచ్చేది మాట్లాడని చోటు. అమ్మాయి మనసులో అనుకునేది మాటల బుడగలో ఉండదు, బొమ్మ పక్కన ఖాళీలో విడిగా ఉంటుంది. ఒక చూపుకు పేజీ మొత్తం ఇచ్చేస్తారు. ఒక్కోసారి వరసగా నాలుగు గడుల్లో మాటే ఉండదు. మా బడులకు ఇంతకన్నా తగిన పద్ధతి ఏముంటుంది? ఆడపిల్లలు ఒక పక్క బెంచీల్లో, మగపిల్లలు ఇంకో పక్క. పది మాటలు మాట్లాడకుండానే పదో తరగతి అయిపోతుంది. చెప్పాల్సిందంతా రికార్డు పుస్తకం అడగడంలో, నోట్సు తిరిగి ఇవ్వడంలో ఇమిడిపోతుంది. సినిమా ఆ మౌనాన్ని భరించలేదు, వెంటనే పాట పెట్టేస్తుంది. పైగా మన సినిమాలో అమ్మాయి వెంటపడేవాడే ప్రేమికుడు, ఆమె ఏమనుకుంటుందో చివర్లో గానీ తెలియదు. షోజోలో మొదటి పేజీ నుంచీ మనం ఉండేది ఆమె మనసులోనే. అన్నీ మంచివని అనను. యోకో కామియో 1992లో మొదలుపెట్టిన ‘హానా యోరి దాంగో’లో (కొరియా సీరియల్ ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ దీని నుంచి వచ్చిందే) హీరో మొదట అమ్మాయిని ఏడిపించేవాడు. దాన్ని ప్రేమగా ఒప్పుకోవడం నాకు చేతకాదు.

బొమ్మల కథ మనకు పరాయిదేమీ కాదు. 1947 జులైలో చక్రపాణితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవాడు. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ బొమ్మలు చూస్తూ ఎన్నో తరాలు పెరిగాయి. నాగిరెడ్డి, చక్రపాణి ఇద్దరే 1955లో ‘మిస్సమ్మ’ సినిమా తీశారు. బడిలో ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడిన ఇద్దరు అపరిచితులు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు. పొసగని జంటను ఇంత హాయిగా కలిపిన చేతులు మనవే. బొమ్మా ఉంది, అలాంటి ప్రేమకథా ఉంది. రెండూ కలిసి ఒక పదహారేళ్ల అమ్మాయి కోసం ‘చందమామ’ పేజీల్లోకి రాలేదు.

నేను చదవాలనుకునే కథ ఇది. ప్రొద్దుటూరులో బంగారు అంగడి వాళ్ల అమ్మాయి, లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు, ఎవరితోనూ కలవదు. పులివెందుల పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి, చీనీ తోట ఎండిపోయిన ఇంటివాడు, క్లాసులో వెనక బెంచీ. బడి పిల్లలంతా బస్సులో గండికోట చూడను పోతారు. జమ్మలమడుగు దాటాక అమ్మాయికి కడుపులో తిప్పుతుంది. అబ్బాయి ఏమీ అనకుండా లేచి తన కిటికీ సీటు ఇస్తాడు. కోటలో పెన్నా లోయ అంచున నిలబడి, ‘నీకు లెక్కలు రాకపోతే నన్నడుగు’ అంటుందామె. ‘నువ్వు కసురుకుంటావనుకుంటి’ అంటాడతను. పెళ్లి లేదు, పారిపోవడం లేదు, కత్తి అసలే లేదు. మరుసటి రోజు క్లాసులో ఆమె తనంతట తాను అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. ముప్పై రెండు పేజీలు చాలు.

దీన్ని నాలాంటివాళ్లు గీస్తే కుదరదు. ఆ బెంచీల్లో ఇప్పుడు కూర్చున్న అమ్మాయిలే గీయాలి. పత్రికల సంపాదకులారా, నెలకు ఒక్క కథకు చోటివ్వండి, చాలు. మీ ఇంట్లో ఆడపిల్ల రఫ్ నోట్సు చివరి పేజీల్లో పెద్ద పెద్ద కళ్ల బొమ్మలు వేస్తుంటే, చదువు పాడవుతుందని ఆ పేజీలు చించకండి. ఆ బొమ్మ ఎవరిదో, తర్వాత ఏమైందో అడగండి.