చింతాద్రిపేట మంద్రస్థాయి

చెన్నపట్నంలో మౌంటురోడ్డు నుంచి రిచ్చీవీధిలోకి తిరిగితే చెవిని మొదట తాకేది బేరాల సందడి. ఆ పెద్ద రోడ్డుకు అణ్ణాసాలై అని పేరు మారి ఎన్నో ఏళ్ళయినా మా ఇంట్లో అది ఇంకా మౌంటురోడ్డే. ఒకప్పుడు రేడియో సామాను, ఆ తరువాత టేపురికార్డర్ల సామాను, ఇప్పుడు సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు. కాలం ఏది అడిగితే ఈ వీధి అది అమ్ముతూ వచ్చింది. దగ్గరలోనే కాసినో టాకీసు ఉన్నది. తెలుగు చిత్రాలు తరచు ఆడే హాలు కనుక మనవారికి ఈ దిక్కు కొత్త కాదు.

ఈ చింతాద్రిపేట 1734లో పుట్టింది. పిట్ దొర గవర్నరుగా ఉండగా, కంపెనీవారి పెద్ద వర్తకుడు సుంకురాముని తోట ఉన్నచోట, నేతవారి కోసం కట్టించిన పేట ఇది. చిన్న తరి, అంటే చిన్న మగ్గం. ఆ మాటే ఇలా మారినదని చెబుతారు. సుంకురాముడన్న పేరు వింటేనే మనవాడనిపిస్తుంది గదా! మగ్గాలు పోయినవి, చేతిపని మాత్రం ఈ వీధులను పూర్తిగా విడిచిపెట్టలేదు.

మేము అక్కడికి వెళ్ళిన పని సబ్‌వూఫర్ కట్టుకోవడానికి. మంద్రస్థాయిని మాత్రమే పలికే స్పీకరు పెట్టె అది. సెకనుకు 20 కంపనాల నుంచి 80, 100 కంపనాల దాకా దాని రాజ్యం. సినిమాలో ఉరుము ఉరిమినప్పుడు మన గుండెలో తగిలేది అదే. మా అబ్బాయికి ఆ ఉరుముల మీద మోజు. నా ఆలోచన వేరు.

మా మామగారికి 86 ఏళ్ళు. వయసులో ఉండగా హరికథలకు మృదంగం వాయించినవారు. ఇప్పుడు చెవి మందగించింది. వయసు మీదపడితే చెవి ముందుగా పోగొట్టుకునేది పై స్థాయి శబ్దాలను; మంద్రం చాలాకాలం నిలుస్తుంది. మన కొత్త టీవీలేమో పలకలా పలచన. వాటిలో ఇమిడే చిన్న స్పీకర్లకు మంద్రం పలికే ఊపిరి లేదు. టీవీ ఇవ్వగలిగినది ఆయన చెవి పట్టదు, ఆయన చెవి పట్టగలిగినది టీవీ ఇవ్వదు. మార్గశిరంలో కచేరీలు వస్తుంటే ఆయన వేళ్ళు చూసి తాళం పోల్చుకునేవారు, అంతే. రెండేళ్ళుగా చూడటం కూడా మానేసి లోపలి గదిలో కూర్చుంటున్నారు. తయారుగా దొరికే మంచి పెట్టె ఖరీదు అడిగి వచ్చినప్పుడు, వద్దని మొదట అన్నది ఆయనే.

రిచ్చీవీధి కొట్లలో ఎవరిని అడిగినా వాట్లు చెబుతారు. వెయ్యి వాట్లమ్మా, రెండువేల వాట్లమ్మా అని. వాట్లతో మంద్రం రాదు. 12 అంగుళాల స్పీకరు ఎంత నిదానంగా ఊగగలదు, దానికి ఎంత గాలి కావాలి అన్నవి చూడాలి. ఈ లెక్కలను 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ ఒక దారికి తెచ్చాడు. తరువాత రిచర్డ్ స్మాల్ వాటిని పెంచాడు. ఆ అంకెలున్న కాగితం ఇవ్వమని అయిదు కొట్లలో అడిగితే నలుగురు నవ్వారు. అయిదో ఆయన నెల్లూరు మాటతో పలకరించి, అట్టపెట్టె అడుగు నుంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. స్పీకరు అక్కడే కొన్నాము.

స్పీకరు కొంటే సగం పని కూడా కాదు. స్పీకరు ముందుకు తోసినప్పుడు ఎదుట గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనుక పలచబడుతుంది. మంద్ర శబ్దం చుట్టూ తిరిగివచ్చి ఈ రెండూ ఒకదానినొకటి చంపుకుంటాయి. అందుకే వెనుకభాగాన్ని పెట్టెలో మూసేయాలి. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఇంకో అడుగు వేసి, బిగించిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. చిన్న పెట్టెలో పెద్ద మంద్రం అప్పటి నుంచి సాధ్యమైంది. మాది ఆ తరహా.

అక్కడి నుంచి ఆటోలో పెరియమేడు దాటి సైడన్‌హామ్స్ రోడ్డుకు వెళ్ళాము. ప్లైవుడ్ కొట్లకు ఆ రోడ్డు పెట్టింది పేరు. 18 మిల్లీమీటర్ల పలక, 8 అడుగులకు 4 అడుగులది ఒకటి తీసుకున్నాము. పొట్టును నొక్కి చేసిన పలక చవక, కాని ఈ ఊరి చెమ్మకు ఉబ్బుతుంది. 2015 డిసెంబరు వరదలలో మా బంధువుల ఇంట అలాంటి అలమారలు ఇడ్లీల్లా పొంగాయి.

వడ్రంగి ఆచారిగారి షెడ్డు ఆ పక్కనే చూళైలో. అరవంలో ఆ మాటకు బట్టీ అని అర్థం; ఎండాకాలం ఆ షెడ్డులో నిలబడితే పేరు సార్థకమే. అన్ని వైపులా 16 అంగుళాల పెట్టె, లోపల సుమారు 50 లీటర్ల గాలి అని కొలతలు చెప్పాము. స్పీకరు బిగించే ముఖం రెండు పొరలు, లోపల అడ్డకట్టు, ప్రతి మూలా జిగురుతో మూసి సందు లేకుండా ఉండాలి, పలక ఎక్కడా అదరకూడదు. ఆయన ఉలి పక్కన పెట్టాడు.

“అమ్మగారూ, వీణ తొలిచేవాడు కర్ర పలకాలని తపిస్తాడు. మీరు కర్రను నోరుమూసుకోమంటున్నారు. ఇదేం వాద్యమండీ?”

నిజమే. మృదంగానికి పనసకర్ర ఏరి తెస్తారు. ఇక్కడ కర్ర తనకంటూ ఒక్క స్వరం పలికినా అది దొంగస్వరం. కాని పోలిక లేకపోలేదు. మృదంగం ఎడమ మూతకు రవ్వముద్ద అద్దేది బరువుతో స్థాయి దిగాలని. ఈ స్పీకరు అట్టను బరువుగా చేసేదీ అందుకే. ఇది చెప్పగానే ఆచారిగారి ముఖం విప్పారింది. ఆ తరువాత మా కాగితం ఆయనకు అవసరం లేకపోయింది. మేము అడగని చోట కూడా ఒక అడ్డకట్టు వేశాడు.

రెండు రోజుల పని. దిండ్లలో పెట్టే పాలిస్టర్ దూది లోపల నింపి, స్పీకరు బిగించి, వెలిగించిన అగరువత్తి అతుకుల వెంట తిప్పుతూ స్పీకరును మెల్లగా నొక్కాము. ఒకచోట పొగ వణికింది. అక్కడ మళ్ళీ జిగురు పట్టించాము. యాంప్లిఫయరు, కూలి అన్నీ కలిపి 12,000 రూపాయల లోపే అయింది. బరువు 20 కిలోల పైమాటే, ఇద్దరు మోయవలసిందే.

గది మూలలో పెడితే మంద్రం పెరుగుతుంది. మామగారిని పిలుచుకువచ్చి పక్కన కూర్చోబెట్టి పాత కచేరీ ఒకటి పెట్టాము. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపటికి పెట్టె మీద చేయి వేశారు. అది అదరలేదు, కాని చెవి అటు వంచారు. తని ఆవర్తనం మొదలయ్యాక తొడ మీద తాళం పడింది. అయిపోయాక, “ఎడమవైపు రవ్వ కాస్త ఎక్కువైంది అతనికి” అన్నారు. రెండేళ్ళలో మా ఇంట్లో వినబడిన మొదటి విమర్శ అది! మా అత్తగారు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఫ్లాట్లలో ఉండేవారు ఒకటి గమనించాలి. సెకనుకు 40 కంపనాల శబ్దతరంగం పొడవు సుమారు 28 అడుగులు. దానికి గోడ ఒక లెక్క కాదు. మూడోనాడు కిందింటి మామీ పైకి వచ్చి తన అలమారలో గిన్నెలు మోగుతున్నవని చెప్పింది. పెట్టె కింద మందపాటి రబ్బరు కాళ్ళు వేసి, రాత్రి 8 తరువాత ఉరుములు కూడదని మా అబ్బాయికి చెప్పాము. పలకలో సగం మిగిలి బీరువా వెనుక నిలబెట్టి ఉన్నది. ఆచారిగారిని సంక్రాంతి వెళ్ళాక రమ్మన్నాము. ఈసారి పెట్టె మామీగారింటికి.