పాటలో నల్లపిల్ల

తెలుగు సినిమా పాటల్లో నల్లపిల్ల కనిపించినా, ఆ నలుపు చాలాసార్లు మేకప్‌దే. 'పుష్ప' (2021)లో శ్రీవల్లి పల్లెపిల్లలా కనిపించాలని ఆ పాత్ర వేసిన రష్మికకు ఛాయ తగ్గించే రంగు పూశారు. నిజంగా నల్లగా ఉన్న అమ్మాయికి దక్కేది ఎక్కువగా గుంపులో వెనక వరసే. అమెరికా హిప్‌హాప్ వీడియోల మీదా ఇదే విమర్శ: నల్లజాతి స్త్రీలలోనూ ఛాయ తేలినవాళ్లకే కెమెరా దగ్గరవుతుంది.

తెలంగాణలోని బాన్సువాడ నేపథ్యంగా వచ్చిన 'ఫిదా' (2017) కొంత నయం. 'వచ్చిండే' పాటలో లంగాఓణీ, మేకప్ అంతంతమాత్రపు ముఖం, మధుప్రియ గొంతులో అచ్చమైన తెలంగాణ యాస. ఆ సినిమా నాయిక సాయిపల్లవి నల్లపిల్లేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయినా తెల్లబరిచే క్రీమ్ ప్రకటనకు కోట్లు ఇస్తామన్నా ఆమె ఒప్పుకోలేదు.