నెల తిరక్కుండానే ఇన్ని వీడియో గేములా!

2025 సెప్టెంబర్ 4న సిల్క్‌సాంగ్, 25న హేడీస్ 2 పూర్తి రూపం, అక్టోబర్ 2న ఘోస్ట్ ఆఫ్ యోటే. మదనపల్లెలో నేను, పుంగనూరులో తమ్ముడు, కుప్పంలో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు, రాత్రయితే ఫోన్లో ఇదే మాట.

సిల్క్‌సాంగ్ వచ్చిన రోజు కొనేవాళ్ల తాకిడికి ఆన్‌లైన్‌లో ఆటలమ్మే స్టీమ్ స్టోరే కాసేపు ఆగిపోయింది. అంత ఆటనూ చేసింది ఆస్ట్రేలియా అడిలైడ్‌లోని ఓ బుల్లి బృందం, అసలు మనుషులు ముగ్గురే! 2019లో ప్రకటించి, తొందరపడకుండా ఆరేళ్లు చెక్కారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఓపికే.

మన కుప్పం పిల్లలు మాత్రం ఎందుకు చేయలేరు? హార్స్‌లీ హిల్స్ మలుపులు, పొట్టి పుంగనూరు ఆవు, తెల్లారేసరికి కిటకిటలాడే మదనపల్లె టమాటా మార్కెట్... ఇవన్నీ ఉండే ఆట ఆడాలనుంది నాకు. ఎవరైనా మొదలుపెడితే చెప్పండబ్బా, కథ నేను రాసిస్తా.