రెండు కార్డులు, ఒక ఉప్పుటేరు

లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయించిందంటే మనలో చాలామంది చేసే పని ఒకటే. గూగుల్లో దొరికిన కమాండు తెచ్చి అతికించడం, రీబూట్ చేయడం. అది పనిచేయకపోతే ఇంకోటి. నాలుగోదాని కొచ్చేసరికి అసలు జబ్బేదో, మనం వేసిన మందువల్ల వచ్చిన జబ్బేదో తెలీదు. ఆఫీసులో సర్వర్ పడిపోతే పేజీలకి పేజీలు రూట్ కాజ్ ఎనాలసిస్ రాసే మనమే, సొంత లాప్‌టాప్ దగ్గరకొచ్చేసరికి నాటువైద్యం మొదలెడతాం :)

మొన్న ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకని కొల్లేటికోటలో బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి కొడుకు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. వాడి లాప్‌టాప్‌లో రెండు వీడియో కార్డులు. విండోస్ తీసేసి ఉబుంటు వేశాడు. లాప్‌టాప్ తెర బాగానే ఉంది కానీ హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెడితే బయట ఏమీ రావట్లేదు. రెండు వారాల్లో కాలేజీలో ప్రొజెక్టర్ మీద ప్రాజెక్టు చూపించాలి. రిపేరు షాపులో పోర్టు కాలిపోయింది, మదర్‌బోర్డు మార్చాలన్నారట. ఆ లాప్‌టాప్ చేపల చెరువు మీద వచ్చిన డబ్బుతో కొన్నది. "ఎంతవుద్దిరా?" అని బాబాయి అడిగిన తీరులోనే తెలిసిపోయింది, మళ్ళీ అంత డబ్బు ఎక్కణ్ణించి తేవాలా అని లెక్కలేస్తున్నాడని.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇలాంటి చాలా లాప్‌టాప్‌లలో తెరకి వెళ్ళే దారి ప్రాసెసర్‌లో ఉండే చిన్న కార్డు నుంచే. పెద్ద కార్డు బొమ్మ గీసి చిన్నదానికి అందిస్తుంది, అంతే. తమ్మిలేరు, బుడమేరు ఎన్ని వచ్చి కొల్లేట్లో కలిసినా నీళ్ళు సముద్రానికి పోయేది ఉప్పుటేరు మీదుగానే కదా, అలాగన్నమాట. కాకపోతే కొన్ని మోడళ్ళలో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుని నేరుగా పెద్ద కార్డుకే కలుపుతారు. అప్పుడు పెద్ద కార్డు డ్రైవర్ ఎక్కకపోతే తెర మామూలుగానే ఉంటుంది, పోర్టు మాత్రం చచ్చినట్టు కనిపిస్తుంది.

మా వైపు పొలం మునిగితే వానని తిట్టుకుంటూ కూర్చోరు. ఉప్పుటేరు ఎక్కడ పూడిందో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో చూస్తారు. నేనూ అదే చేశాను. ముందు ఎల్‌ఎస్‌పీసీఐ -కె కొట్టాను. రెండు కార్డులూ కనిపించాయి. చిన్నదాని కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరుంది, పెద్దదాని కింద ఆ వరసే లేదు. అంటే కార్డు ఉంది, డ్రైవర్ ఎక్కలేదు. మోడ్‌ప్రోబ్‌తో ఎక్కించబోతే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంది. దొరికింది! సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం గుర్తుపట్టలేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. అందుకే ఉబుంటు డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని, తర్వాతి రీబూట్‌లో నీలం తెర మీద "ఎన్‌రోల్ మోక్" చేయమని అడుగుతుంది.

"అదేదో వైరస్ అనుకుని కంటిన్యూ కొట్టేశానన్నయ్యా" అన్నాడు మావాడు.

మోక్‌యుటిల్‌తో ఆ కీని మళ్ళీ ఇంపోర్ట్ చేసి, రీబూట్ చేసి, ఈసారి ఎన్‌రోల్ నొక్కించాను. టీవీకి వైరు పెడితే బొమ్మ వచ్చింది. ఖర్చు సున్నా.

ఒకప్పుడు ఇంత సులువు కాదులెండి. ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ పేరుతో ఈ రెండు కార్డుల పద్ధతి తెచ్చినప్పుడు లినక్స్‌కి మద్దతు లేదు. 2011లో ఔత్సాహికులే బంబుల్‌బీ రాసుకుని నెట్టుకొచ్చారు. 2012లో ఫిన్లాండులో ఒక సభలో ఇదే ఆప్టిమస్ మీద ప్రశ్న వస్తే, లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఆ కంపెనీకి మధ్యవేలు చూపించాడు. 2019లో 435 డ్రైవర్‌తో, కావలసిన ప్రోగ్రామ్‌ని మాత్రమే పెద్ద కార్డుకి అప్పగించే వీలు కంపెనీయే ఇచ్చింది. 2022 మేలో కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్సు కూడా బయటపెట్టింది.

కాబట్టి ఇప్పుడు దారి ఉంది. అది ఎక్కడ మూసుకుపోయిందో చూడ్డానికి మూడు ప్రశ్నలు చాలు. కార్డు కనిపిస్తోందా? దాని డ్రైవర్ ఎక్కిందా? ఏ పోర్టు ఏ కార్డుకి కలిపి ఉంది? ఊళ్ళో తమ్ముడో చెల్లెలో ఫోన్ చేస్తే "లినక్స్ నీకెందుకురా, విండోస్ వేసుకో" అనేసే ముందు ఒక్క పది నిమిషాలు ఈ మూడూ అడిగి చూడండి. మనకి లాప్‌టాప్ అంటే ఆఫీసువాళ్ళిచ్చే సామాను. అక్కడది ఒక పంట డబ్బు.