కిలోమీటరుకి పది రూపాయలు

"కొండెక్కితే డబ్బులిస్తారంట" అని చెబితే మా అమ్మ ఫక్కున నవ్వింది. "ఎవురికిరా? ఎక్కినోళ్లకా?" అంది. కాదే, అప్పుల్లో మునిగినోళ్లకి, అన్నాను. మళ్లీ నవ్వింది.

మా పిన్ని కూతురు ఇంగ్లండులో నర్సు. మిషనాసుపత్రిలో నర్సింగు చదువుకుని పోయిన మాదిగపిల్ల. 2023లో వాళ్ల చర్చివాళ్లతో కలిసి వేల్సులో స్నోడన్ అనే కొండెక్కింది. ఎత్తు 1,085 మీటర్లు. ఎక్కేముందు తెలిసినోళ్లందరికీ ఓ కాగితం పంపింది. నేను పైదాకా నడిస్తే మీరెంతిస్తారు అని. ఆ డబ్బు క్రిస్టియన్స్ అగెనెస్ట్ పావర్టీ అనే సంస్థకి పోతుంది. 1996లో బ్రాడ్‌ఫర్డ్‌లో మొదలైంది. అప్పులైన మనిషి ఇంటికే పోయి కూచుని, రాబడెంతో ఖర్చెంతో లెక్కగట్టి, అప్పులోళ్లతో మాట్టాడతారు. ఏ దారీ లేకపోతే చట్టప్రకారం దివాలాకి దరఖాస్తు పెట్టిస్తారు. బాధలో ఉన్నోడి దగ్గర పైసా పుచ్చుకోరు.

దివాలా అంటే మావైపు ఐ.పి. పెట్టటం. పత్తి వ్యాపారులు పెడతారు, చిట్టీలు నడిపినోళ్లు పెడతారు. మా పల్లెలో ఐ.పి. పెట్టినోడు ఇంతవరకూ లేడు. రాత్రికి రాత్రి తాళమేసి హైదరాబాదు పోయినోళ్లున్నారు. పురుగుమందు తాగినోళ్లున్నారు.

మా నాయన ఆ రెండూ చెయ్యలేదు. జీతం చేశాడు. 1991లో మా మేనత్త పెళ్లికి కామందు దగ్గర రెండు వేలు తెచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీ. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి అప్పటికి పదిహేనేళ్లు. ఆ చట్టం మా పల్లె దారి చూడలేదు. మూడేళ్లు దాటితే ప్రోనోటు చెల్లదు కదా, అందుకని మూడేళ్లకోసారి కామందు మా నాయన్ని పిలిచి కొత్త నోటు రాయించేవాడు. నాయన వేలు సిరాలో అద్ది స్టాంపు మీద పెట్టి, ఆ వేలు తలగుడ్డకి తుడుచుకుని వచ్చేవాడు. మరి జీతమేదయ్యా అంటే తిండిగింజలకి సరిపోయింది అనేవాడు కామందు.

2000లో మూడోసారి తిరగరాసేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయాడు. నేను ఏడో తరగతి. వసారా కింద నిలబడి నోటు చదివాను. రెండు వేలు 1994కి 4,160 అయింది. 1997కి 8,653. ఇప్పుడు రాయబోయేది 17,998. చేతివేళ్ల మీద గుణించి చూసుకున్నా. లెక్క తప్పు లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మోసం చేసుంటే తిట్టుకునేవాణ్ణి. లెక్కంతా కరెక్టుగానే ఉంది. "మీవోడికి లెక్కలు బాగానే వొచ్చే" అన్నాడు కామందు. నాయన గర్వంగా నా తల నిమిరి, అదే చేత్తో వేలిముద్ర వేశాడు. ఇవాళ నేను గవర్నమెంటు బడిలో లెక్కల మాస్టర్ని. చక్రవడ్డీ పాఠం వచ్చినప్పుడల్లా గొంతు కొంచెం తేడాగా వస్తుంది. పిల్లలకి తెలవదు.

నర్సు పిల్ల సంగతి మా పాస్టరుగారి చెవిన పడింది. కుర్రాడు, ఉత్సాహవంతుడు. మనమూ చేద్దాం మాస్టారూ అన్నాడు. మా పల్లెలో మొగుడు చచ్చిన ఒకామె ఉంది. మిరపకాయలు కోసి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. మూడు చోట్ల అప్పు, 41,000. అందులో రెండు గ్రూపు లోన్లు. 2010లో ఈ వారం వసూళ్లతో ఆడోళ్లు చచ్చిపోతుంటే అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది. కొన్నాళ్లు ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి, పేర్లు మార్చుకుని. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లంతా ఆమె గుమ్మంలో కూచోవాలి. తోటి మాదిగామెని తోటి మాదిగామె చేతే తిట్టించే ఏర్పాటు. మా కామందుకి కూడా ఇంత తెలివి లేదు.

నిరుడు చలికాలంలో కొండవీడు ఎక్కుదామన్నారు. మా పల్లె నించి కొండపైకి పోనూ రానూ పధ్నాలుగు కిలోమీటర్లు. కిలోమీటరుకి పది రూపాయలు, ఇచ్చేవాళ్లు ఇంకా ఎక్కువైనా ఇవ్వొచ్చు. కాగితం పైన సిలువ గుర్తు, చర్చి పేరు, దాని కింద నడిచేవారి పేరు, ఆ కింద డబ్బిచ్చేవాళ్ల సంతకాలు.

నా పేరుతోనే కాగితం రాసుకుని స్టాఫ్‌రూములో పెట్టాను. ఒకాయన ఐదొందలు అని రాసి సంతకం పెట్టి, కళ్లజోడు సర్దుకుని అన్నాడు, "మాస్టారూ, మీ సర్టిఫికెట్లో హిందూ మాదిగ అని కదూ ఉంటుంది?" నవ్వుతూనే అన్నాడు. ఇంకొకాయన అందుకున్నాడు, "తిండికోసం మారారు, ఇప్పుడు అప్పుకోసం నడుస్తున్నారు."

తిండి మాటకి నా దగ్గర జవాబుంది. 1876 నించి 78 దాకా కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టి మావాళ్లకి కూలి ఇప్పించాడు. మట్టి తవ్వి కూలి తిన్నారు, దానం కాదు. ఆ పనులు జరిగినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

సర్టిఫికెట్టు మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలా. నోటు మీద వేలిముద్ర వేసేటప్పుడు మా నాయన మాదిగోడే, ఆదివారం గుళ్లో కూచుంటే మాత్రం కాడు. నా ఉద్యోగం ఆ ఒక్క ముక్క మీద నిలబడుంది. దాని మీద నా చెల్లెలి చదువు, మా అమ్మ మందులు.

ఆ రాత్రి కాగితం చింపేశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. పొద్దున్నే "కొత్త కాగితం తే, నా పేరు రాయి" అంది. "నాకేం ఉద్దోగముందని ఊడటానికి?" అరవై రెండేళ్లామె. మోకాళ్ల నెప్పులు. వద్దంటే వినలేదు. రాశాను. అదే స్టాఫ్‌రూముకి తీసుకుపోయి, మా అమ్మ నడుస్తోందండీ అన్నాను. ఐదొందలాయన మళ్లీ సంతకం పెట్టాడు. నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఇరవై ఆరుమంది బయల్దేరాం. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, కార్లలో పోయి ఫోటోలు దిగొస్తారు. మేం పాత మెట్లదారిన పట్టాం. రెడ్డిరాజుల రాజధాని అని బోర్డుంది. నేను బడిలో నేర్చుకున్నదంతా అమ్మకి చెప్పబోయాను, 1515లో కృష్ణదేవరాయలు దీన్ని పట్టాడు అని. ఆమె వినటంలా. మెట్లు చూస్తోంది.

"ఈడ ఒక బండ ఉండాలే" అంది. మలుపు తిరిగితే ఉంది, నడుమెత్తు బండ. "మోపు దీని మీద ఆనించి గాలి పీల్చుకునేదాన్ని. దించితే మళ్లీ ఎత్తేవాళ్లుండరు." పెళ్లైన కొత్తలో పుల్లలకి, సీతాఫలాలకి ఈ కొండే ఎక్కిందంట. మోపు అమ్మిన డబ్బు కామందు వడ్డీకి పోయేదంట. ముప్పై ఏడేళ్లొచ్చాయి నాకు. అప్పటిదాకా ఆ మాట తెలవదు. "ఎన్నిసార్లు ఎక్కావే?" అన్నాను. "లెక్కల మాస్టరివి నువ్వు, నన్నడుగుతావేందిరా" అంది.

పైన చెరువు గట్టు మీద కూచుని పులిహోర తిన్నాం. పాస్టరు ప్రార్థన చేశాడు. అమ్మ కళ్లు మూసుకోలేదు, చెప్పు తీసి కాలు చూసుకుంటోంది.

అందరి కాగితాలు కలిపితే 23,460 తేలింది. మూడింటిలో వారంవారం గుమ్మంలో కూచునే రెండూ ఆ డబ్బుతో తీరతాయి. మూడోది ఊళ్లో చేబదులు, అది మెల్లగా చూసుకోవచ్చు. అయితే అది రాసిచ్చిన డబ్బే, చేతికొచ్చిన డబ్బు కాదు. సంతకం పెట్టినోళ్ల ఇళ్లకి పోయి వసూలు చేసుకోవాలి. ఆ పని నామీద పడింది. అప్పులోడి కొడుకుని సైకిలు మోటారేసుకుని గడపగడపకీ తిరిగాను. కూలిచేసుకునేవాళ్లు మొదటి రోజే ఇచ్చారు. ఒకామె నలభై రూపాయలు చిల్లర లెక్కపెట్టి చేతిలో పోసింది.

స్టాఫ్‌రూములో ఐదొందలాయన మాత్రం మూడు నెలలుగా వచ్చే జీతానికి అంటున్నాడు. మొన్న అమ్మతో చెప్పాను.

"నోటు రాయించుకోలా?" అంది.