ఎడమ కాలు

సంచికకు ఏదన్నా రాసివ్వమని యూనియన్ మిత్రులు మూడు వారాలుగా వెంటపడుతున్నారు. బి.యస్సీ. వాడివి గదా, అణువుల మీదో అంతరిక్షం మీదో రాయరా అన్నారు. వాటి మీద రాయగలవాళ్ళు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది పొలం, కాస్తో కూస్తో ఫుట్‌బాల్. అందుకని ఒక బడిపంతులుగారి గురించి రాస్తున్నాను.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. బళ్ళలో పాఠాలు చెప్పిన మనిషి. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి అక్కడి సిటీ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ కోచ్. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానం. 2024లో 'మైదాన్' హిందీ సినిమా వచ్చేదాకా ఇవేవీ నాకు తెలియవు. సిగ్గుపడాల్సిన మాటే.

అయితే నన్ను పట్టుకున్నవి ఈ కప్పులూ పతకాలూ కావు, ఆయన కుర్రాళ్ళకు పెట్టిన పోటీలు. ఒకదానిలో, ఏ కాలు చేతకాదో ఆ కాలితోనే బంతి తన్నాలి. ఇంకోదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే తోటివాడికి ఇచ్చెయ్యాలి, సోకులు పనికిరావు.

అది తెలిసిన రోజు మా తాత గుర్తొచ్చాడు. కోవూరు దగ్గర మా పొలంలోకి ట్రాక్టరు రాకముందు, తాత కొత్త కోడెను కొన్నాళ్ళు ఎలపట, కొన్నాళ్ళు దాపట కట్టి దున్నేవాడట. ఒక పక్కకే అలవాటుపడ్డ ఎద్దు జత మారితే మొరాయిస్తుందని ఆయన లెక్క. తాతకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు.

పోయినేడు కాలేజీల పోటీలో గోలు ముందర బంతి నా ఎడమ కాలికి వచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. నేను దాన్ని కుడికాలికి మార్చుకునేలోగా అవతలివాడు తన్నుకుపోయాడు. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఎవరూ నన్నేమీ అనలేదు, అదే బాధ. సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళి, ఎద్దులు లేని గొడ్లచావిడి గోడకేసి ఎడమకాలితో రోజూ తన్నాను. "గోడేం పాపం చేసిందిరా?" అన్నాడు నాయన.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకి ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేకపోతే, సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చేవారట. ఆ బలరాం మెల్‌బోర్న్‌లో ఆడాడు, 1962లో జకార్తాలోనూ ఆడాడు. జకార్తా నాటికి రహీం సాబ్‌కి క్యాన్సర్. అక్కడి జనం మన జట్టు మీద కోపంగా ఉండి ఒకటే గోల. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. ఆయన అతన్ని సెమీఫైనల్ నుంచి ముందు వరసలో ఆడించారు. ఏమి గుండె! సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ ఒకటి వేశారు. 2-1. మళ్ళీ ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయారు.

నేను పీఈసెట్ రాద్దామనుకుంటున్నాను, వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి కావాలని. ఇంట్లో చెప్పలేదు. వడ్లమ్మి నా ఫీజు కట్టిన నాయనకు నేను ఎమ్మెస్సీ చెయ్యాలని ఆశ. ఈ సంచిక ఇంటికి చేరితే అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషి ఆయన. పాఠకులు క్షమించాలి, ఈ రెండు ముక్కలు ఆయనకి:

నాయనా, ఇక్కడిదాకా చదివుంటే అమ్మకు అప్పుడే చెప్పొద్దు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. చేను గట్టు మీద కూర్చుని మాట్లాడుకుందాం.